మాల్ దాటినంక

ఇరవై ఏడు పేరాగ్రాఫులు
ఫ్యాను గాలికి లేవకుండ
మీద స్టీలు గ్లాసు పెట్టిన.
పానగల్లు రోడ్డు మీద ఇసుక లారీలు పోతున్నయి.
గంటకింత అని లెక్కగట్టే కొలువు నాది.
దిద్దుడుకు లెక్క లేదు.

ప్రశ్న నేనే ఇచ్చిన:
మరువలేని ఒక దినము, నూటయాభై పదాలు, ఇంగ్లిషుల.
బోర్డు మీద బొమ్మ గూడ గీసిన:
మొదలు టాపిక్ సెంటెన్స్,
దాని కింద దానికి ఆసరా ఇచ్చే మాటలు,
అడుగున ముగింపు.
ఇల్లు కట్టినట్టు అనుకోండ్రి అన్న.
"మేడం, మా దిక్కు పునాది ముందు తవ్వుతరు,
మీరు కప్పు ముందేస్తున్నరు"
వెనక బెంచీకెల్లి ఎవరో అన్నరు.
నవ్విన. జవాబియ్యలే.

సైదులు పేపరు పంతొమ్మిదోది.
నాంపల్లి మండలం పిలగాడు.
క్లాసుల నోరు తెరిచింది నేను చూడలే.
మొదటి వాక్యం: ఆ దినము మా నానమ్మ చెప్పులు దొరకలేదు.
రెండోది: పక్కింటి వారు మాకు చాయ్ ఇచ్చిరి.
తర్వాత గొడ్డళ్లు సాన పట్టినాయన పేరు,
ఆయన బిడ్డ చదివే కాలేజి,
పొద్దుగాల వచ్చిన మబ్బు,
పదింటికి పోయిన మబ్బు.
'మెనీ సన్' అని రాసిండు, ఎండ ఎక్కువని.
భూతకాలంల నడుస్త నడుస్త
వర్తమానంల కాలు జారుతడు.
నేను మార్జిన్ల ఎర్రగ గీసుకుంట పోయిన.
విషయం ఏది?
దీనికి దానికి సంబంధం?
ఒక పేరాకు ఒక్కటే సంగతి.

చివరి వాక్యం పేజీ తిప్పితె ఉన్నది, ఒంటిగ:
ఇంకా ఆ దినము మేము నూట పద్దెనిమిది
బత్తాయి చెట్లు నరికితిమి.

పెన్ను మూత పెట్టిన.

హైదరాబాదు హాస్టల్ల ఉన్నప్పుడు
రాత్రి పదింటికి చిన్నాయిన వచ్చిండు.
"తిన్నవా బిడ్డా?"
తిన్న అంటె "ఏం కూర?" అన్నడు.
"ఊకెనే. దేవరకొండ పోయొద్దాం పా" అన్నడు.
కిటికి సీటు నాకిచ్చిండు.
ఇబ్రహీంపట్నం దాక బర్రె ఈనిన ముచ్చట,
దూడ నెత్తి మీద తెల్ల మచ్చ,
జున్ను ఎవరెవరికి పంచిండ్రో.
మాల్ కాడ బస్సాగితె చాయ్ తాపిండు,
తను ముట్టలే.
మాల్ దాటినంక
డ్రైవరు లోపలి లైట్లు బంద్ చేసినంక
నా చెయ్యి పట్టుకోని చెప్పిండు.
నాలుగే మాటలు.
కూర అడిగినప్పుడే నాకు ఎరుకయింది,
అయినా మాల్ దాక దూడ ముచ్చటే విన్న.
ఆ వాక్యం హాస్టలు గేటు కాడనే చెప్పుంటె
అంత దూరం ఎట్ల కూసుందును.

కని పేపర్లు దిద్దెటోడు చిన్నాయిన గాదు.
పూటకు ఇరవై కట్టలు ముందలేసుకోని
మొదటి లైను చూసి మార్కేస్తడు.
పేజీ తిప్పడు.
సైదులుకు ముప్పై అయిదు రావాలె.
నేర్పాలె. నాకిచ్చేది దానికే.

తెల్లారి పిలిచి చెప్పిన:
ఆఖరిది తీసుకపోయి మొదట్ల పెట్టు.
లంచ్ బెల్లయినంక తెచ్చిండు.
మేము ఆ దినము నూట పద్దెనిమిది చెట్లు నరికితిమి.
ఒక్క తప్పు లేదు.
కింద కాయితం మొత్తం తెల్లగ.
"ఇది రాసినంక ఇంకేం రాయొస్తలేదు మేడం."

స్టాఫ్ రూముల ఎవరో క్యారేజి విప్పుతున్నరు,
పచ్చిపులుసు వాసన.
నాకేం అడగాల్నో తెలువలే.
"మీ నానమ్మ చెప్పులు దొరికినయా?" అన్న.

"పొద్దుమీకి దొరికినయి మేడం.
కొట్టేసిన కొమ్మల కింద."

"గది రాయి" అన్న.

కాయితం దిక్కు చూసి,
"రెండో లైన్లనా మేడం, ఆఖర్లనా?"